నలభై నాలుగు సున్నాలు

చొప్పదండిలో బీడీలు చుట్టే ఆడవాళ్లలో కోమలకు లెక్క తప్పదని పేరు. ఒడిలో చేట, చేటలో ఆకు, తంబాకు, పక్కన పొయ్యి మీద ఉడికే అన్నం, గడప అవతల నుంచి ఆగకుండా మాట్లాడే పక్కింటి కనకవ్వ. ఇన్నిటి మధ్య చుట్టినా, పొద్దు వాలేసరికి ఇన్ని చేశానని ఆమె అంటే అన్నే ఉండేవి. ఖార్ఖానాలో గుమాస్తా మిగతా వాళ్ల కట్టలు విప్పి ఒక్కొక్క బీడీని దొర్లించి చూసేవాడు. కోమల కట్టలను ఒకసారి ఎత్తి చూసి పక్కన పెట్టేవాడు. కట్టకు ఇరవై ఐదు. ఇరవై నాలుగు ఎప్పుడూ లేవు, ఇరవై ఆరూ లేవు.

బీడీల పనిలో ఒక పద్ధతి ఉంది. తూచి ఇచ్చిన ఆకుకు ఇన్ని బీడీలు రావాలి. ఆ ఆకులో సగం చిల్లులున్నా, ఎండి పొడి పొడి అయినా, ఇచ్చింది ఇచ్చినట్టే రాస్తారు. తెచ్చిన బీడీల్లో నచ్చనివి తీసి పారేస్తారు, దాన్ని ఛాట్ అంటారు. వందకు ఇన్ని ఛాట్ అని గుమాస్తా కిటికీలోంచి అరుస్తాడు. నాకు చెడ్డ ఆకు వచ్చిందయ్యా అని చెప్పుకుంటే వినేవాడు లేడు. కోమల చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. వందకు ఎన్ని అనే లెక్క ఆమె ఆ కిటికీ ముందు వరుసలో నిలబడి నేర్చుకున్నదే.

మొగుడు అంతయ్య మస్కట్‌లో ఇటుకలు మోసే పనికి పోయి, నాలుగేళ్ల కింద ఒకరోజు నిద్రలోనే పోయాడు. పెట్టె ఇంటికి రావడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. ఆ ఇరవై రెండూ కూడా ఆమె లెక్కపెట్టింది. అప్పటి నుంచి ఆమెకు మాట తగ్గింది. అడిగితే చెబుతుంది, అడగకపోతే లేదు. ఇంట్లో మిగిలింది తనూ, కూతురు మమతారాణీ.

మమత బడి నుంచి వచ్చాక తల్లి పక్కన కూర్చుని ఆకు ఏరేది. చిన్నప్పుడు చేతికి ఏది వస్తే అది కత్తిరించబోయేది. కోమల చెయ్యి పట్టి ఆపేది.

"చూసి పట్టు బిడ్డా. చెడ్డ ఆకు ముట్టకు. ముట్టినవంటే దాని మీద నీ చెయ్యి ఖరాబైతది, తంబాకు ఖరాబైతది, చివరికి ఛాట్‌ల పోతది. నీ పక్కకు వచ్చినా సరే, ఊకో. పోనీ."

ఆ పిల్ల నేర్చుకుంది. పదేళ్లు వచ్చేసరికి ఆకును వెలుతురుకు పట్టి చూడాల్సిన పని కూడా లేకపోయింది. కట్ట విప్పి దులిపితే, గాలిలో ఉండగానే దాని చూపుకు దొరికిపోయేవి, ఇది మంచిది, ఇది కాదు అని.

మమత తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడు బడికి సుధాకర్ సారు ఆటల మాస్టరుగా వచ్చాడు. వస్తూ వస్తూ రెండు బ్యాట్లు, ఎనిమిది పాత గ్లౌజులు, ఒక సంచీ నిండా బంతులు తెచ్చాడు. ఆట పేరు బేస్‌బాల్ అన్నాడు. ఊళ్లో ఎవరికీ తెలియదు. క్రికెట్టే కదా, బ్యాటు గుండ్రంగా ఉంది అంతే అన్నారు. ఇసుక నింపిన సిమెంటు సంచులు మూడు గ్రౌండులో మూడు మూలల పెట్టి వాటిని బేస్‌లు అన్నాడు సారు. నాలుగో మూల బ్యాటు పట్టుకున్న పిల్ల నిలబడే చోటు, అక్కడ ఒక రబ్బరు పలక. ఎదురుగా నిలబడి ఒక పిల్ల బంతి విసురుతుంది. పలక మీదుగా, చంకలకు మోకాళ్లకు నడుమ వస్తే మంచి బంతి. పైనుంచి పోయినా, పక్కకు పోయినా చెడ్డది. మంచివి మూడు పోగొట్టుకుంటే ఔట్. చెడ్డది అయినా ఊపి తప్పితే అదీ పోగొట్టుకున్నట్టే. చెడ్డవి నాలుగు పడేదాకా ఊపకుండా ఓపిక పడితే మాత్రం, బ్యాటు కింద పెట్టి మొదటి సంచీ దాకా ఊరికే నడిచిపోవచ్చు.

కోమల చేట పట్టుకుని గ్రౌండు గోడ నీడకు రావడం మొదలుపెట్టింది. ఇంట్లో ఒక్కతీ కూర్చుంటే గోడలు మీదికి వస్తున్నట్టుండేది. కనకవ్వ కూడా తోడు వచ్చేది. కనకవ్వకు ఆట అక్కర్లేదు, మాట్లాడడానికి మనిషి కావాలి.

"గిదేం ఆటనే కోమలా? కొట్టిన పిల్ల ఉరుకుతది, కొట్టని పిల్ల నడుస్తది. నీ బిడ్డైతే ఎప్పుడు చూసినా నడుస్తనే ఉంటది. సంతకు పోయినట్టు."

"ఊకో వదినే."

"నేనేమన్న? జర బ్యాటు ఊపమను. గాలైనా వస్తది."

ఒకరోజు సుధాకర్ సారు గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కోమల చుట్టిన కట్టలు ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉన్నాయి. ఊరికే అడిగినట్టు, ఈరోజు ఎవరెన్ని కొట్టారో తెలుసా అన్నాడు. కోమల తల ఎత్తకుండానే పదకొండు మంది పిల్లలకూ చెప్పింది. ఎవరు ఎన్నిసార్లు వచ్చారు, ఎన్ని కొట్టారు.

సారు ఆ లెక్కలు వేళ్ల మీద సరిచూసుకున్నాడు. మరునాడు రెండొందల పేజీల నోటుబుక్కు, ఒక నల్ల పెన్నూ తెచ్చి ఆమె చేట పక్కన పెట్టాడు.

"కోమలక్కా, గీ లెక్క నువ్వే రాయి. నాకు ఆట చూసుడే సరిపోతుంది. సీజన్ అయినంక మన బడి నుంచి ఒక్క బ్యాటర్‌ను రాష్ట్ర శిబిరానికి పంపాలె. ఆడికెళ్లి స్పోర్ట్స్ హాస్టల్. ఇంటర్ దాకా చదువు, తిండి, కోచింగు అన్నీ వాళ్లే. నా ఇష్టం వచ్చినోళ్లను పంపిండని ఎవ్వరూ అనద్దు. ఎవలు మంచిగ కొట్టిన్రో బుక్కే చెప్పాలె."

కోమల చేట పక్కన పెట్టింది. హాస్టల్ అంటే మమత ఇక ఈ చేట ముందు కూర్చోవలసిన పని లేదు. వేళ్ల కొసలు తనవాటిలా నల్లబడవు, దగ్గు రాదు.

"నా బిడ్డ గూడ ఉన్నది గద సారూ అండ్ల. నేను రాస్తే బాగుంటదా?"

"నువ్వైతేనే బాగుంటది. నీ లెక్కను ఎవ్వరు కాదంటరు?"

మొదటి మ్యాచ్ రోజే ఆమెకు సందేహం వచ్చింది. మమత నాలుగు చెడ్డ బంతులు వదిలేసి నడిచిపోయింది. సారు వరండాలో ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. కోమల బుక్కు పట్టుకుని పోయి అడిగింది.

"సారూ, పోరి కొట్టకుంటనే నడిచిపోతే ఏం రాయాలె?"

సారు ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "కొట్టిందా?"

"కొట్టలే."

"కొట్టింది కొట్టినట్టు రాయి, కొట్టంది కొట్టనట్టు రాయి. అంతే గదక్కా." మళ్లీ ఫోనులో పడిపోయాడు.

కోమలకు అది సబబుగానే తోచింది. ఆకు ఇచ్చారు, బీడీ రాలేదు. ఆకు చెడ్డదైతే మాత్రం లెక్కలో ఎవరు తీసేస్తారు? వచ్చిన ప్రతిసారీ ఒక గడి. కొడితే నిలువు గీత. కొట్టకపోతే సున్నా. ఔట్ అయినా సున్నా, నడిచిపోయినా సున్నా. ఎక్కడైనా అనుమానం వస్తే, అవతలి జట్టు పిల్ల పట్టబోయి బంతి జారవిడిచిందా, మమతే గట్టిగా కొట్టిందా అని తేల్చుకోలేకపోతే, కూతురికి సున్నాయే రాసింది. తల్లి రాసింది కాబట్టి ఎక్కువ రాసిందన్న మాట రాకూడదు. ఆ జాగ్రత్త ఆమెకు లోపల్లోపల గర్వంగా కూడా ఉండేది.

జమ్మికుంట పోయారు, పెద్దపల్లి పోయారు, హుజూరాబాద్ పోయారు. కోమల బీడీల పని తెల్లవారుజామునే ముగించుకుని పిల్లలతో పాటు వ్యాను ఎక్కేది. పద్మలత అనే పిల్ల బాగా కొట్టేది. ట్రాక్టరు నడిపే దశరథం బిడ్డ, చేతులు బలమైనవి. మంచిదా చెడ్డదా అని చూడకుండా దొరికినదాన్ని దొరికినట్టు బాదేది. తగిలితే బంతి గోడ దాటేది, జనం ఈలలు వేసేవాళ్లు. మమత కొడితే ఈలలు రావు. బంతి ఇద్దరి మధ్య నేల మీద జారుకుంటూ పోయేది. చాలాసార్లు అదీ లేదు, నడక.

ఒకరోజు ఆకు ఏరుతూ కోమల అడిగింది.

"ఎందుకు కొడ్తలేవు బిడ్డా? పద్మలత చూడు, అన్ని కొడ్తది."

"చెడ్డ బంతి అవ్వా. చెడ్డ ఆకు ముట్టద్దని నువ్వే చెప్పితివి గదా." మమత నవ్వింది. "నడిచిపోయినా బేస్ బేసే. సారు గూడ అదే చెప్పిండు. నేను నడిచినవి రాస్తున్నవా మరి?"

"అన్నీ రాస్తున్న. ఒక్కటి గూడ పోనియ్యలే."

తల్లి అబద్ధం చెప్పలేదు. కూతురు అనుమానపడలేదు. సీజన్ అయ్యేదాకా బుక్కు పిల్లలకు చూపొద్దని సారు చెప్పాడు కాబట్టి, చూపలేదు.

కార్తీకం నడిమికి లెక్క తేలింది. పద్మలత అరవైసార్లు వచ్చి ఇరవై కొట్టింది. వందకు ముప్పై మూడు. మమత అరవైసార్లు వచ్చి పదహారు కొట్టింది. వందకు ఇరవై ఆరు. కోమల మూడుసార్లు కూడింది. మూడుసార్లూ ఇరవై ఆరే వచ్చింది. బుక్కు సారు చేతిలో పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, కనకవ్వ అడిగితే ఎండగా ఉందని చెప్పింది. సారు ఆ పేజీని ఫోనులో ఫోటో తీసి సెలెక్టర్లకు పంపాడు. బుక్కు తిరిగి ఆమెకే ఇచ్చాడు, మందమర్రిలో ఆఖరు పోటీలున్నాయి, అక్కడ కూడా రాయమని. శిబిరానికి ఎంపికైన పేర్లు మందమర్రిలోనే చదువుతారన్నాడు.

మందమర్రికి పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాల బడులన్నీ వచ్చాయి. బొగ్గుబావుల కాలనీ పక్కన గ్రౌండు. నల్లటి మట్టి, ఎంత కడిగినా కాళ్ల నుంచి పోదు. అక్కడ లెక్క రాయడానికి ఒక ముసలాయన బల్ల వేసుకుని కూర్చున్నాడు. పేరు బుచ్చిరాములు. బావిలో ఎవరు ఎప్పుడు దిగారో ఎప్పుడు ఎక్కారో రాసే పని ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. ఆయన ముందున్న పుస్తకం ఖాతా పుస్తకం అంత పొడుగు, అచ్చు వేసిన గడులు. చేతిలో ఎర్ర పెన్ను.

కోమల పక్కన నేల మీద కూర్చుని తన బుక్కు తెరిచింది. రెండు మ్యాచులు అయ్యేదాకా ఆయన ఏమీ అనలేదు. మూడోది ఉట్నూర్ పిల్లలతో. వాళ్ల బంతులు వేసే పిల్ల చాలా వడిగా వేసింది. మన పిల్లలు వరుసగా గాలిలో బ్యాట్లు ఊపి వచ్చారు. పద్మలత కూడా. మమత మాత్రం నిలబడింది. ఒకటి పైన పోయింది, ఊకుంది. ఒకటి పక్కకు పోయింది, ఊకుంది. నాలుగోది కూడా వదిలేసి నడిచిపోయింది. బుచ్చిరాములు ఎర్ర పెన్ను ఎత్తి చూపించాడు.

"గా పోరి ఎవల బిడ్డనో గని, దాని కన్నే కన్ను. గంత వడిగ వస్తుంటె చెడ్డదని ఎట్ల తెల్సుకున్నది?"

కోమల సున్నా చుడుతూ అంది, "నా బిడ్డనే కాకా."

"అట్లనా." ఆయన వంగి ఆమె బుక్కులోకి చూశాడు. కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఏందమ్మా గది? సున్నా చుట్టినవ్?"

"కొట్టలే గద."

"కొట్టలే. నిజమే. గని ఆమె కొట్టెతందుకు వాళ్లు ఇయ్యలేదు గదనే! నడిచిపోయింది వచ్చిన లెక్కలకే రాదు బిడ్డా. దాన్ని తీసేసి, మిగిలిన దాంట్ల ఎన్ని కొట్టిందో చూడాలె. అట్ల గాకుంటె మంచి కన్నున్నోళ్లే గదా మునుగుడు."

ఆయన తన పుస్తకం ఇటు తిప్పాడు. మందమర్రిలో మూడు మ్యాచుల్లో మమత తొమ్మిదిసార్లు వచ్చింది. ఐదుసార్లు నడిచింది, మూడు కొట్టింది, ఒక్కసారి ఔట్. "ఇగో చూడు. తొమ్మిదిల ఐదు పోను నాలుగు. నాలుగుల మూడు. వందకు డెబ్బై ఐదు. నీ లెక్కల ఎంత?"

తొమ్మిదిలో మూడు. ముప్పై మూడు.

కోమల లేచింది. ఆయన బల్ల మీద ఉన్న ఎర్ర పెన్ను అడిగి తీసుకుంది. నీళ్ల ట్యాంకు నీడకు పోయి, బుక్కు మొదటి పేజీ తీసింది. మమత పేరు పక్కన అరవై గడులు, పదహారు గీతలు, నలభై నాలుగు సున్నాలు. సున్నాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. కానీ ఆమెకు ఒక్కలాగా లేవు. ఇది జమ్మికుంటలో, వాన తుంపర పడుతుండగా, నాలుగోది నేలకు తగిలి వచ్చింది, నడిచింది. ఇది పెద్దపల్లిలో, పైకి లేపింది, పట్టేశారు. ఇది మన బడి గ్రౌండులోనే, కనకవ్వ మళ్లీ సంత అని ఎగతాళి చేసిన రోజు, నడిచింది. నడిచిన సున్నా కింద ఒక చిన్న ఎర్ర గీత పెడుతూ పోయింది. చివరికి ఎర్ర గీతలు ఇరవై.

అరవైలో ఇరవై పోతే నలభై. నలభైలో పదహారు. వందకు నలభై.

పద్మలత నడిచింది రెండేసార్లు. యాభై ఎనిమిదిలో ఇరవై. వందకు ముప్పై నాలుగు.

ఆమె లేచి దాదాపు ఉరికింది. సుధాకర్ సారు పిల్లలకు అరటిపండ్లు పంచుతున్నాడు. మమత కూడా అక్కడే, గ్లౌజు ఇంకా చేతికే ఉంది.

"సారూ, లెక్క తప్పింది. నేను తప్పు రాసిన. నడిచినవి తియ్యాలెనట. తీస్తే మమతదే ఎక్కువ. నలభై వస్తది సారూ, నలభై!"

సారు బుక్కు తీసుకున్నాడు. ఎర్ర గీతలు చూశాడు. అరటిపండ్ల గెల కింద పెట్టాడు.

"తెల్సక్కా."

"ఏం తెల్సు?"

"నువ్వు అట్ల రాస్తున్నవని. మొదటి నెలలనే చూసిన. అందరికి ఒక్కటే కొలత గదా, ఏం ఫరక్ పడ్తది అనుకున్న."

"నేను అడిగితిని గద సారూ. మొట్టమొదటి రోజే అడిగితిని."

"అడిగినవ్." సారు పక్కకు చూశాడు. "అప్పుడు ఫోన్‌ల ఉంటి."

ఒక్క కొలతే. అందరికీ ఒక్కటే. చెడ్డ బంతిని వదిలిపెట్టే పిల్ల ఆ పదకొండు మందిలో ఒక్కతే ఉందని సారుకు తెలియదా? తెలుసు. అయినా ఆయన మొహంలో కోపం లేదు, కపటం లేదు. అలసట ఉంది. ఆ అలసట చూసి కోమలకు ఒళ్లు మండింది. తిట్టడానికి కూడా పనికిరాని మొహం అది.

సెలెక్టర్లు షామియానా కింద ముగ్గురు కూర్చుని ఉన్నారు. సారు వెంట వచ్చాడు, అది ఒప్పుకోవాలి. జరిగింది చెప్పాడు. నడుమ కూర్చున్న పెద్దమనిషి ఫోను తీసి, సారు పంపిన ఫోటో తెరిచి, బుక్కు పక్కన పెట్టి చూశాడు.

"ఫోటోల గీ ఎర్ర గీతలు లేవు గదమ్మా."

"ఇయ్యాలనే పెట్టిన సారూ."

"బుక్కు రాసింది ఎవరు?"

"నేనే."

"గీతలు పెట్టింది?"

"నేనే."

"నీ బిడ్డకేనా పెట్టింది?"

"పద్మలతకు గూడ రెండు పెట్టిన. చూడుండ్రి."

"నీ బిడ్డకు ఇరవై, ఆ పిల్లకు రెండు." ఆయన వెక్కిరించలేదు. మెల్లగానే అన్నాడు. "నువ్వే చెప్పమ్మా. నా జాగల నువ్వుంటే ఏం జేస్తవ్? సున్నాలన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి. ఏది ఔటో, ఏది నడకో ఎట్ల తెలుస్తది?"

"నాకు తెల్సు సారూ. ఇది జమ్మికుంటల, వాన పడ్తున్నది, నాలుగో బంతి నేలకు తగిలి..." ఆమె ఒక్కొక్క సున్నా మీద వేలు పెట్టి చెప్పసాగింది. ఏడోదాని దగ్గరికి వచ్చేసరికి పక్కన కూర్చున్న సెలెక్టరు గడియారం చూశాడు. ఎనిమిదోదాని దగ్గర ఆమే ఆపేసింది. చెడ్డ ఆకు వచ్చిందయ్యా అని కిటికీ ముందు చెప్పుకునే ఆడవాళ్ల గొంతు తన గొంతులోనే వినబడింది.

బుచ్చిరాములు తన పొడుగు పుస్తకం పట్టుకుని వచ్చాడు. "సార్, నా బుక్కు చూడుండ్రి. మూడు మ్యాచులల్ల ఆ పోరిది నాలుగుకు మూడు. ఐదు నడకలు. ఆమె చెప్పేది అబద్ధమైతే ఇట్ల ఉంటదా?"

"మూడు మ్యాచులకేం తెలుస్తది కాకా? మూడు మ్యాచులల్ల ఎవలైనా కొడ్తరు. అందుకే గదా సీజన్ లెక్క అడిగింది. సీజన్ లెక్క వాళ్ల అవ్వ చేతి రాతనే ఉంది, ఇరవై ఆరని. తల్లే తక్కువ రాసిందంటే అదే నిజమని మేమనుకున్నం. ఇప్పుడు అదే తల్లి ఎక్కువ రాసింది. దేన్ని నమ్మాలె?"

బుచ్చిరాములు తన పుస్తకం మూసుకున్నాడు. పేర్లు మైకులో చదివారు. చొప్పదండి, పద్మలత.

కోమల వెనక్కి తిరిగేసరికి మమత అక్కడే ఉంది. ఎప్పటి నుంచి నిలబడి ఉందో తెలియదు. బుక్కు అడిగి తీసుకుంది. తన పేరు వెతుక్కుని, వేలితో గడుల వెంట మెల్లగా పోయింది, ఆకులు చూసినట్టే.

"అవ్వా, నాకు ఎన్ని సున్నాలు పెట్టినవ్?"

"నలభై నాలుగు బిడ్డా."

"అన్నీ రాస్తున్న అంటివి."

మమత బుక్కు మూసి ఆమె చేతిలో పెట్టింది.

వ్యానులో పద్మలత వచ్చి మమత పక్కన కూర్చుంది. పల్లీల పొట్లం విప్పింది. "మమతా, నాకేం తెల్వదే. నువ్వే నాకన్న మంచిగ ఆడ్తవని నేను సార్‌కు చెప్పిన."

"నాకెందుకే కోపం?" మమత నాలుగు పల్లీలు తీసుకుంది. "నువ్వు కొట్టినవ్. బుక్కుల ఉన్నది."

గోదావరి వంతెన దాటేదాకా కోమల కూతురి వెనక సీటులో కూర్చుని ఆ పిల్ల జడ చూస్తూ ఉంది. తక్కువ రాయకపోయినా బాగుండేది. ఒక్కరోజు దొంగతల్లిగా ఉన్నా బాగుండేది. అనుమానం వచ్చిన ప్రతిసారీ బిడ్డకే సున్నా చుట్టిన ఆ నీతి ఎవరి కోసం? ఎవరి నోటికి భయపడి? మస్కట్ నుంచి పెట్టె వచ్చిన రోజు కూడా ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టి, లోపలున్నది అంతయ్యే అని వాళ్లు చెబితే నమ్మింది. ఇచ్చింది ఇచ్చినట్టు తీసుకోవడం ఒక్కటే ఆమెకు వచ్చిన విద్య. దాన్నే ఇప్పుడు బిడ్డ మీద పెట్టింది.

సోమవారం మళ్లీ ఆట మొదలైంది. కోమల కొత్త నోటుబుక్కు కొన్నది. స్కేలు పెట్టి, బుచ్చిరాములు పుస్తకంలో చూసినట్టే నాలుగు వరుసలు గీసింది. వచ్చింది, కొట్టింది, నడిచింది, ఔట్. నడిచిందన్న వరుస మిగతావాటికంటే వెడల్పుగా గీసింది.

మొదట మమతే వచ్చింది. మొదటి బంతి తల మీదుగా పోయింది. మమత బ్యాటు ఊపింది.

గోడ దగ్గర కోమల తల ఎత్తింది. రెండోది మూరెడు పక్కకు. ఊపింది. మూడోది నేలకు తగిలి దుమ్ము లేపింది, దాన్ని కూడా ఊపింది.

"చూసి కొట్టు మమతా!" సారు అరిచాడు. "కన్నేడ పెట్టినవ్?"

మమత సారు వైపు చూడలేదు. బ్యాటు ఈడ్చుకుంటూ గోడ వైపు వచ్చింది, నీళ్ల సీసా కోసం.

కనకవ్వ సంబరపడింది. "గట్ల ఊపాలె బిడ్డా! ఇప్పుడు మంచిగున్నది. తగిలితే ఊరవతల పడేది."

"అవి చెడ్డవి గద బిడ్డా," అంది కోమల, చిన్న గొంతుతో. "మూడుకు మూడు చెడ్డవే."

"నీ బుక్కుల చెడ్డ బంతి అని ఏడుంటదవ్వా?"

"ఇప్పుడున్నది. ఇగో చూడు, వరుస గీసిన."

మమత వంగి చూసింది. ఖాళీ గడులు, స్కేలు పెట్టి గీసిన నీలి గీతలు. నీళ్లు తాగి మూతి తుడుచుకుంది.

"సక్కగ గీసినవ్," అని, బ్యాటు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ నెలంతా అట్లాగే ఆడింది. తక్కిన పిల్లలు మెల్లగా చూసి వదలడం నేర్చుకుంటున్నారు. నడిచిందన్న వరుసలో వాళ్ల పేర్ల పక్కన గీతలు ఒకటీ రెండూ పడుతున్నాయి. మమత పేరు పక్కన ఆ గడులు గీసిన రోజు ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి.

నెలాఖరున కోమల లెక్క చేసింది. ముప్పై ఒక్కసారి వచ్చింది, ఐదు కొట్టింది, నడక లేదు. వందకు పదహారు. రెండోసారి కూడింది, మూడోసారి కూడింది. లెక్కలో ఎక్కడా తప్పు లేదు.